విదేశీ బడితో పొత్తు: గ్రాంటు డబ్బు అవతలి ఒడ్డునే ఉండనివ్వండి

"మీ బడితో కలిసి ఒక ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం. మాకు గ్రాంటు వస్తుంది. మీ వాటా పంపడానికి బ్యాంకు వివరాలు ఇవ్వండి." జర్మనీ నుంచో ఇంగ్లండు నుంచో ఇలాంటి మెయిల్ వస్తే చెన్నై బడుల్లో ఏం జరుగుతుందో తెలిసిందే. కరస్పాండెంట్ గారు ఆ సాయంత్రమే ట్రస్టు అకౌంట్ నంబరు, స్విఫ్ట్ కోడు పంపించేస్తారు. స్టాఫ్ రూములో స్వీట్లు పంచుతారు. ఆదిలోనే హంసపాదు పడేది సరిగ్గా అక్కడే. ఆ మెయిల్‌కి జవాబు రాసే ముందు ఆడిటర్‌కి ఫోన్ చేయాలి.

విదేశీ సంస్థ ఇచ్చేది విరాళమన్నా, గ్రాంటన్నా, ప్రాజెక్టు వాటా అన్నా 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకే వస్తుంది. అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది దీన్నే. బడిని నడిపే ట్రస్టుకో సొసైటీకో కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. లేదంటే ఆ ఒక్క దాత నుంచి ఆ ఒక్క పని కోసం ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పుట్టి కనీసం మూడేళ్లయి ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో తన అసలు పనుల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టినట్టు ఆడిట్ లెక్కల్లో కనిపించాలి. ముందస్తు అనుమతికైతే దాత రాసిచ్చిన హామీ పత్రం, ప్రాజెక్టు రిపోర్టు జతచేసి ఎఫ్‌సీ-3బి ఫారం వేయాలి. చట్టం మామూలుగా 90 రోజులంటుంది. ఆ గడువును నమ్ముకుని టికెట్లు బుక్ చేసేవాళ్లకి మాత్రం నమస్కారం.

అనుమతి వచ్చినా డబ్బు మొదట పడాల్సింది ఒకే చోట. 2020 సవరణ ప్రకారం అది న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి. మైలాపూర్‌లో మీ బ్యాంకు మేనేజరు మీకు ఎంత దగ్గరివాడైనా ఆ డబ్బును నేరుగా తీసుకోలేడు. అక్కడ పడ్డాక మీ సంస్థ పేరుతోనే ఉన్న ఖర్చుల ఖాతాలోకి మళ్లించుకోవచ్చు. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. ప్రతి ఏడాదీ డిసెంబరు 31 లోపు ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి, ఆ ఏడాది ఒక్క రూపాయి రాకపోయినా సరే.

ఇక్కడ జనం వెతికే అడ్డదారులు మూడు. మొదటిది, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పక్క ట్రస్టు ద్వారా తెప్పించుకోవడం. 2020 సవరణతో ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకి ఇవ్వడం పూర్తిగా నిషేధం, ఆ మరో సంస్థకి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పాత ఆడిటర్లు కొందరు ఇంకా 2019లోనే ఉన్నారు, జాగ్రత్త. రెండోది, ప్రాజెక్టు చూసే టీచరమ్మ సొంత ఖాతాకి పంపించుకోవడం. ఇది అన్నిటికంటే చెడ్డది. బడి తప్పు కాస్తా ఆవిడ మెడకి చుట్టుకుంటుంది. మూడోది, "డబ్బు వద్దులెండి, పది ట్యాబులు పంపండి" అనడం. చట్టం దృష్టిలో వస్తువు కూడా విరాళమే. బడి అసెంబ్లీలో ఫొటో దిగి అందుకున్న ఆ ట్యాబుల పెట్టె, రిజిస్ట్రేషన్ లేని బడికి ఒక్కో ట్యాబుతో ఒక్కో ప్రశ్న తెస్తుంది.

పూర్వ విద్యార్థుల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే మన తెలుగు బడులకి డాలర్లు ఎక్కువగా వచ్చే దారి అదే. డల్లాస్‌లో ఉన్న మీ పాత విద్యార్థికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే చాలు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాత కిందే లెక్క. ఒకే బ్యాచిలో చదివిన ఇద్దరు స్నేహితులు చెరో వెయ్యి డాలర్లు పంపితే, రిజిస్ట్రేషన్ లేని బడికి ఒకటి నిక్షేపంగా చెల్లుతుంది, రెండోది చెల్లదు.

ఇదంతా చదివి పొత్తే వద్దనుకోకండి. విద్యార్థుల మార్పిడిలో పెద్ద ఖర్చులు నాలుగే: విమానం, బస, బస్సు, బీమా. ఈ నాలుగింటికీ విదేశీ భాగస్వామి తన గ్రాంటులోంచి విమాన సంస్థకి, హోటల్‌కి, బస్సు కంపెనీకి నేరుగా బిల్లు కట్టేయవచ్చు. వాళ్ల పిల్లలు చెన్నై వస్తే ఇక్కడి హోటల్ వాళ్లకే ఇన్వాయిస్ పంపుతుంది. మన పిల్లలు అక్కడికి వెళ్తే వాళ్లే టికెట్ కొంటారు. మన ట్రస్టు ఖాతాలోకి ఏమీ రానక్కర్లేదు. ఎఫ్‌సీఆర్‌ఏ లేని బడి దరఖాస్తు దశలోనే బడ్జెట్ పట్టికను ఇలా రాయించుకోవాలి. గ్రాంటు ఒప్పందం మీద సంతకాలయ్యాక "భారత భాగస్వామికి బదిలీ" అనే పద్దును మార్పించడం దాదాపు కుదరదు.

ప్రభుత్వ, కార్పొరేషన్ బడుల టీచర్లకి మాత్రం ఇంకో మెలిక ఉంది. విదేశంలో ఉన్నప్పుడు అక్కడి సంస్థ ఖర్చుతో భోజనం, బస, ప్రయాణం పొందడాన్ని చట్టం విదేశీ ఆతిథ్యం అంటుంది. ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ అధీనంలోని సంస్థల ఉద్యోగులు దానికి కేంద్ర హోం శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయాలి. తమ సొంత శాఖ నుంచి వచ్చే నిరభ్యంతర పత్రం వేరు, ఇది వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకుని విమానాశ్రయం దాకా వెళ్లేవాళ్లున్నారు. ఈ ఆతిథ్యం నిబంధన ప్రైవేటు బడి టీచర్లకి గానీ పిల్లలకి గానీ వర్తించదు.

ఇచ్చేవాళ్లెవరు?

గ్రాంటు కోసం వెతికేటప్పుడు మొదట అడగాల్సింది "ఎంత ఇస్తారు" అని కాదు, "దరఖాస్తు ఎవరు వేయాలి" అని. బడుల పొత్తుకిచ్చే పథకాల్లో దాదాపు అన్నిటికీ దరఖాస్తు వేయాల్సింది అవతలి బడే.

యూరోపియన్ యూనియన్ విద్యా మార్పిడి పథకం ఎరాస్మస్ ప్లస్ పేరు అందరికీ తెలుసు. కానీ దాని బడుల విభాగం యూరోపియన్ యూనియన్ దేశాలకీ, దానితో ఒప్పందమున్న కొద్ది దేశాలకీ పరిమితం. భారతదేశానికి అందులో దారి ఉన్నది ఉన్నత విద్యలో. ఎరాస్మస్ ఇప్పిస్తామని బడులకి ఫోన్లు చేసే ఏజెంట్లకి ఈ ఒక్క ముక్క చెప్తే లైన్ కట్టయిపోతుంది. బ్రిటన్ 2021లో మొదలుపెట్టిన ట్యూరింగ్ స్కీమ్‌లో డబ్బు బ్రిటన్ బడికి వస్తుంది, వాళ్ల పిల్లలు బయటి దేశానికి వెళ్లడానికి. మన పిల్లలు తిరుగు ప్రయాణంగా అక్కడికి వెళ్తే ఆ ఖర్చు అందులో లేదు. రెండు వైపులా ప్రయాణం అని ఒప్పందంలో రాసుకుని, రెండో వైపు డబ్బెక్కడిదో రాసుకోకపోతే చివరికి తల్లిదండ్రుల దగ్గర ఆగుతుంది.

మన బడులకి నిజంగా పనికొచ్చేది జర్మనీ. అక్కడి ఆర్థిక సహకార శాఖ తరఫున ఎంగేజ్‌మెంట్ గ్లోబల్ నడిపే ఎన్సా పథకం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా బడులతో జర్మన్ బడుల పొత్తుల కోసమే పుట్టింది. ఇటు నుంచి అటు ప్రయాణానికీ సాయం ఉంటుంది. దరఖాస్తు మాత్రం జర్మన్ పక్షానిదే. ఇది కాక 2008లో మొదలైన పాష్ ఉంది. జర్మన్ భాష నేర్పే బడుల అంతర్జాతీయ బృందం అది, రెండు వేలకు పైగా బడులున్నాయి. గోథే ఇన్‌స్టిట్యూట్, అంటే చెన్నైలో మనం మాక్స్ ముల్లర్ భవన్ అనే చోటు, ఇందులో భాగస్వామి. ఆ బృందంలోని బడుల పిల్లలకి జర్మనీలో భాషా శిబిరాలకి స్కాలర్‌షిప్పులుంటాయి. బడిలో జర్మన్ టీచరు ఉంటే ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి మాట్లాడండి. మిగతా స్టాఫ్ కంటే ఆవిడకే దారి తెలిసి ఉంటుంది.

జపాన్‌లో సకురా సైన్స్ కార్యక్రమం 2014 నుంచి ఉంది. కొద్ది రోజుల సైన్స్ పర్యటన అది, ఆహ్వానించే జపాన్ సంస్థే దరఖాస్తు వేస్తుంది. అమెరికా కెన్నెడీ-లూగర్ యెస్ కార్యక్రమం పొత్తు కాదు, ఒక్కో విద్యార్థికి విడిగా ఇచ్చే ఏడాది పాటు స్కాలర్‌షిప్పు. మన దేశంలో ఏఎఫ్‌ఎస్ ఇండియా అనే సంస్థ దాన్ని చూస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ 2025 ఫిబ్రవరిలో ఎక్స్చేంజ్ గ్రాంట్ల చెల్లింపులను ఉన్నట్టుండి ఆపేసింది. ఒకే దేశపు బడ్జెట్ మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

రోటరీ గురించి అపోహలెక్కువ. గ్లోబల్ గ్రాంటు కనీస బడ్జెట్ 30,000 డాలర్లు, రెండు దేశాల క్లబ్బులు కలిసి వేయాలి. విద్య అందులో అర్హమైన రంగమే. కానీ 18 ఏళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా చేసే విదేశీ ప్రయాణానికి ఆ డబ్బు వాడకూడదు. పిల్లలు వెళ్లేది రోటరీ యూత్ ఎక్స్చేంజ్ అనే వేరే దారిలో. అక్కడ బస, భోజనం ఆతిథ్య కుటుంబాలవి, టికెట్టూ బీమా మామూలుగా మన జేబువి.

పోనీ, చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఉన్న ఐటీ కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్‌ఆర్ డబ్బుతో పంపిద్దామంటారా? సీఎస్‌ఆర్ నిబంధనల ప్రకారం దేశం బయట చేసే పని లెక్కలోకి రాదు. జాతీయ, అంతర్జాతీయ స్థాయి క్రీడాకారుల శిక్షణకి మాత్రమే మినహాయింపు. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్‌ని సీఎస్‌ఆర్ పద్దులో పెట్టలేరు. ప్రాజెక్టుకి కావాల్సిన ల్యాబ్ పరికరాలు, వీడియో క్లాసుకి తెర, స్పీకరు ఇక్కడే కొని ఇక్కడే వాడేవి కాబట్టి వాటికి అడగవచ్చు. చాలామంది ఈ సగం అడగడం మర్చిపోతారు.

బడులకి బ్రిటిష్ కౌన్సిల్ ఇచ్చేది డబ్బు కాదు, గుర్తింపు. ఏడాది పొడవునా చేసిన అంతర్జాతీయ పనులకి రుజువులు చూపిస్తే ఇస్తారు. అయినా దానికో ఉపయోగముంది. ఆ ఫైలు సరిగ్గా ఉన్న బడిని చూస్తే విదేశీ భాగస్వామికి సగం భయం పోతుంది.

దరఖాస్తులో మన పేజీలు

దరఖాస్తు వాళ్లదే అయినా, అందులో మన గురించిన పేజీలు బలహీనంగా ఉంటే మొత్తం పడిపోతుంది. మన వైపు నుంచి వెళ్లే రాతలో పెద్ద జబ్బు పెద్ద మాటలు. "విద్యార్థులను విశ్వ పౌరులుగా తీర్చిదిద్దుట, సాంస్కృతిక వారధి నిర్మించుట" అని రాస్తే చదివే మూల్యాంకనకర్తకి మార్కులేయడానికి పట్టు దొరకదు. ఎవరు, ఏం, ఎన్నిసార్లు, దేంతో, చివరికి చేతిలో ఏముంటుంది — ఈ ఐదూ ఉండాలి.

ఉదాహరణకి నీటి నాణ్యత తీసుకుందాం. పళ్లికరణై చిత్తడి నేల 2022లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది కాబట్టి చెన్నై బడికి అది చేతికందే అంశం. ఇలా రాయవచ్చు: "రెండు బడుల నుంచి పన్నెండేసి మంది తొమ్మిదో తరగతి పిల్లలు. ఎనిమిది వారాలు, ప్రతి గురువారం, తమ ఊరి నీటి వనరు దగ్గర ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్, మడ్డిదనం కొలుస్తారు. ఒకే రకం కిట్టు, ఒకే పట్టిక. నాలుగో వారం, ఎనిమిదో వారం వీడియోలో అంకెలు పోల్చుకుంటారు. పర్యటనలో రెండు జట్లూ ఒకే చోట కలిసి కొలిచి, తేడాకి కారణం వెతుకుతారు." దీంట్లో పెద్ద మాట ఒక్కటీ లేదు, కానీ ప్రయాణం ఎందుకు అవసరమో తెలుస్తుంది. పిల్లలు విమానం ఎక్కకపోయినా జరిగే పనైతే ప్రయాణ గ్రాంటు ఎందుకివ్వాలని వాళ్లడుగుతారు.

ఇందులోనూ చిక్కులుంటాయి. కరిగిన ఆక్సిజన్ అక్కడికక్కడే కొలవాలి. సీసాలో పట్టి బడికి తెచ్చి మధ్యాహ్నం కొలిస్తే ఎండకి నీరు వేడెక్కి, సీసాలోని జీవులు ఆక్సిజన్ వాడేసుకుని అంకె మారిపోతుంది. రెండు బడుల పట్టికలు పక్కపక్కన పెట్టినప్పుడు చెన్నై నీరు ఉన్నదానికంటే అధ్వానంగా కనిపిస్తుంది. పళ్లికరణైలో కొంత భాగం రిజర్వు ఫారెస్టు, లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అది దొరక్కపోతే వేళచ్చేరి చెరువో, బడి బావో చాలు. దరఖాస్తులో ఆ రెండో చోటు పేరు కూడా రాసి ఉంచండి.

వీడియో క్లాసు వేళల్లో జర్మనీతో తప్పు అందరూ చేస్తారు. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా మూడున్నర గంటలు. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే నాలుగున్నర. మన మధ్యాహ్నం ఒంటిగంటన్నర సెప్టెంబరులో వాళ్లకి పది, నవంబరులో తొమ్మిది. అక్కడ పీరియడ్ మారిపోతుంది, టీచరు వేరే క్లాసులో ఉంటాడు, ఇక్కడ నలభై మంది ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. టైం టేబుల్ రెండు వరసల్లో వేసుకోండి.

లెక్క

పది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, పది రోజులు అనుకుందాం. ధరలు మారుతుంటాయి, ఈ అంకెలు లెక్క పద్ధతి చూపడానికే. టికెట్ మనిషికి 70,000 అంటే పన్నెండు మందికి 8,40,000. వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ 2,000 చొప్పున 24,000. బీమా 1,500 చొప్పున 18,000. అక్కడి రైలు, బస్సు, ప్రవేశ రుసుములు మనిషికి 15,000 అంటే 1,80,000. పిల్లలు ఆతిథ్య కుటుంబాల్లో ఉంటారు. టీచర్లకి రెండు గదులు, తొమ్మిది రాత్రులు, గది 8,000 చొప్పున 1,44,000. సామగ్రి, బహుమతులు 30,000. మొత్తం 12,36,000. అత్యవసరానికి ఏడు శాతం, అంటే 86,520 కలిపితే 13,22,520. పది మందికి పంచితే ఒక్కో బిడ్డకి 1,32,252.

చాలా బడులు తల్లిదండ్రుల సమావేశంలో బిడ్డ టికెట్టూ బిడ్డ ఖర్చూ కలిపి తొంభై వేలు అని చెప్పేస్తాయి. ఇద్దరు టీచర్ల టికెట్లూ గదులూ ఎవరి మీద పడతాయో ఆ రోజు ఎవరూ అడగరు. వీసా అపాయింట్‌మెంట్ అయ్యాక మరో నలభై వేలు అడిగితే గొడవ కాక ఏమవుతుంది? ఒక టీచరు చాలదా అని కరస్పాండెంట్లు అడుగుతారు. చాలదు. ఒక బిడ్డకి జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉంటే మిగతా తొమ్మిది మంది దగ్గర ఎవరుంటారు? ఆడపిల్లలుంటే ఆ ఇద్దరిలో ఒకరు టీచరమ్మే ఉండాలి.

గ్రాంటు ఒకేసారి రాదు. చాలా పథకాల్లో ముందు పెద్ద భాగం, రిపోర్టు ఒప్పుకున్నాక మిగతాది. ఆ మిగతాదానికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలం ఎవరు మోస్తారో రెండు బడుల ఒప్పందంలో ఉండాలి. యూరోల్లో ఖరారైన మొత్తం మారదు, రూపాయి మారుతుంది. మన వైపు ఖర్చులు రూపాయల్లో ఉంటే ఏ రోజు మారకం రేటు వాడాలో దాత నిబంధనల్లో చూసి బడ్జెట్ పట్టిక కిందే రాయండి. గ్రాంటు ప్రారంభ తేదీకి ముందు పెట్టిన ఖర్చు మామూలుగా చెల్లదు. చవగ్గా దొరికాయని టికెట్లు ముందే కొంటే ఆ బిల్లు బడిదే. విమాన సంస్థల గ్రూప్ బుకింగ్‌లో కొంత అడ్వాన్సు కట్టి పేర్లు తర్వాత ఇవ్వవచ్చు. ఆ పేర్ల గడువు ఎప్పుడో, అడ్వాన్సు తిరిగి వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఎప్పుడు?

చెన్నైకి అతిథుల్ని పిలిచేది జనవరిలో, పొంగల్ తర్వాత. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనం. 2015 డిసెంబరు వరదల్లో విమానాశ్రయమే మూతపడింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకీ అదే జరిగింది. మన పిల్లలు వెళ్లడానికి ఏప్రిల్ ఆఖరు, మే నెల నయం. మనకి సెలవులు, యూరప్‌లో బడులు నడుస్తుంటాయి. జూలై, ఆగస్టుల్లో వెళ్తే అక్కడ బడికి తాళం వేసి ఉంటుంది. జర్మనీలో వేసవి సెలవులు రాష్ట్రానికో తేదీ కాబట్టి భాగస్వామి ఊరి క్యాలెండర్ చూడాలి. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లల్ని తీసుకోకండి. తొమ్మిదీ పదకొండూ సరైన తరగతులు.

మేలో ప్రయాణమంటే ముందటి ఏడాది మార్చికే భాగస్వామితో మాటలు మొదలవ్వాలి. దరఖాస్తు, ఫలితం, ఒప్పందం అయ్యేసరికి డిసెంబరు అవుతుంది. పాస్‌పోర్టులు మాత్రం ఫలితం కోసం ఆగకుండా పిల్లలు ఎంపికైన వారమే మొదలుపెట్టించాలి.

ఇంటిపేరు, ఇనీషియలు

మన పిల్లల కాగితాల్లో ప్రత్యేకమైన తలనొప్పి ఇది. చెన్నైలో పుట్టిన తెలుగు బిడ్డకి బడి రికార్డులో తమిళనాడు పద్ధతిలో నాన్న పేరు మొదటి అక్షరం ఇనీషియలు. ఆధార్‌లో మన పద్ధతిలో ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో ఒక్కోసారి ఉత్త పేరే. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనీషియళ్లు విప్పి రాయాలి, ఏది విప్పుతారు? ఒకదానికి ఒకటి పొసగకపోతే సేవా కేంద్రం నుంచి వెనక్కి పంపుతారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద ఉన్న పేరు కాస్తా ఇంటిపేరై, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే "మొదటి పేరు తెలియదు" అని పడుతుంది. టికెట్‌కీ వీసాకీ పేరు కలవక చెక్-ఇన్ దగ్గర ఆపుతారు. ఎంపికైన రోజే ప్రతి బిడ్డవీ జనన పత్రం, ఆధార్, బడి రికార్డు మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. దిద్దుబాటు కావాలంటే మొదలు జనన పత్రం, తర్వాత ఆధార్, చివర పాస్‌పోర్టు.

18 ఏళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనుబంధం-డి అనే సమ్మతి ఫారం కావాలి. ఒకరి సమ్మతి దొరక్కపోతే అనుబంధం-సి. ఈ పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకి గానీ, 18 నిండే దాకా గానీ, ఏది ముందైతే అంతవరకే. ఇంట్లో అల్మరాలో ఉన్న పాతది చెల్లుతుందిలే అనుకోకుండా తేదీ చూడండి.

జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఉన్న షెంగెన్ వీసాలో చాలామంది వదులుకునే డబ్బు ఒకటుంది. 2024 జూన్ నుంచి పెద్దలకి ఫీజు 90 యూరోలు. కానీ వీసా కోడ్ 16వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం చదువు కోసమో విద్యా శిక్షణ కోసమో వెళ్లే బడి పిల్లలకీ, వెంట వెళ్లే టీచర్లకీ ఆ ఫీజు లేదు. వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ మాత్రం కట్టాలి. ఈ మినహాయింపు దక్కాలంటే ఆహ్వాన పత్రంలో "స్నేహపూర్వక సందర్శన" అని ఉండకూడదు. తేదీల వారీగా ఏ తరగతుల్లో కూర్చుంటారో, ఏ ప్రాజెక్టు చేస్తారో ఉండాలి, ప్రిన్సిపాల్ సంతకంతో. కౌంటర్‌లో కుర్రాడికి ఈ క్లాజు తెలియకపోవచ్చు, ప్రింటు పట్టుకెళ్లండి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి వేయవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, సాగితే 45. బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. నోటరీ చేయించిన తల్లిదండ్రుల సమ్మతి పత్రంలోనే, అత్యవసరంలో వైద్యానికి ఒప్పుకునే అధికారం వెంట వెళ్లే టీచరుకి ఇస్తున్నట్టు ఒక వాక్యం కలపండి. అది లేక రాత్రిపూట ఆసుపత్రి నుంచి ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది.

వాళ్లు వచ్చినప్పుడు

విదేశీ అతిథి మన గడపలోకి వచ్చిన 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. అందరూ ఫారం-సి అనేది దీన్నే. హోటల్ వాళ్లు తమంతట తామే చేస్తారు. బిడ్డని ఇంట్లో ఉంచుకున్న కుటుంబానికి ఇది ఎవరూ చెప్పరు. బడిలో ఒకరు అన్ని కుటుంబాల తరఫునా కూర్చుని మొదటి రోజు సాయంత్రమే చేయించేయాలి. వాళ్ల పిల్లలు పర్యాటక వీసా మీద వచ్చి తరగతిలో కూర్చోవచ్చా అన్నది ఊహించకండి. వాళ్ల దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని అడిగించి, జవాబు రాతలో తెప్పించుకోండి.

ఆతిథ్య కుటుంబాల ఎంపికలో మొహమాటం పనికిరాదు. ఇంటికి వెళ్లి చూడాలి. బిడ్డకి వేరే మంచం, లోపలి నుంచి గడియ పడే స్నానాలగది, ఇంట్లో ఉండే పెద్దలందరి పేర్లు, పోలీసు ధ్రువీకరణ. విదేశీ బడి మీ పిల్లల రక్షణ విధానం అడుగుతుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం పేరు రాసేసి ఊరుకుంటే చాలదు. ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఆ మనిషి ఫోన్ నంబరేంటి, ఎన్ని గంటల్లో ఏం జరుగుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. భోజనం ఫారంలో శాకాహారం, మాంసాహారం అని రెండే గడులు పెట్టకండి. పల్లీలు, జీడిపప్పు పడవా అని విడిగా అడగండి. మన చట్నీల్లో వేరుశనగ ఎక్కడ ఉందో మనకే గుర్తుండదు.

బిల్లులు

ఆఖరి వాయిదా ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. ప్రయాణం చేసినట్టు రుజువు బోర్డింగ్ పాసు. ఇప్పుడది ఫోన్లో వస్తుంది, విమానం దిగిన రెండు రోజులకి యాప్‌లోంచి మాయమవుతుంది. కౌంటర్‌లో కాగితం పాసు అడిగి తీసుకుని, ఒక కవరు పట్టుకున్న టీచరు పన్నెండూ సీటు దగ్గరే వసూలు చేయాలి. హోటల్, బస్సు బిల్లులు దాత ఒప్పందంలో ఉన్న సంస్థ పేరు మీదే ఉండాలి, "నగదు కస్టమర్" అని కాదు. థర్మల్ కాగితం బిల్లు చెన్నై ఎండకి ఆరు నెలల్లో తెల్లబోతుంది, ఆ రోజే జిరాక్సు తీసి వెనక తేదీ, పని రాయండి. ఆటో డ్రైవరు బిల్లివ్వడు. బడి వోచరు పుస్తకంలో ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎంత అని రాసి సంతకం పెట్టించుకోండి. తమిళంలో ఉన్న బిల్లులకి ఇంగ్లీషులో ఒక్క లైను అనువాదం అంటించండి. ఆతిథ్యమిచ్చిన బడి నుంచి హాజరు పత్రం మీద సంతకాలు వీడ్కోలు రోజు ఉదయమే పెట్టించుకోవాలి. సాయంత్రానికి పాటలు, ఏడుపులు, సెల్ఫీలు మొదలైపోతాయి, ముద్ర ఉన్న గదికి తాళం పడిపోతుంది.